గాలి అందరికీ ఒకటే, జాగా వేరు: దూరప్రయాణ విమానాల్లో తరగతుల లెక్క

(ఒడిశాలోని రాయగడలో తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, అమ్మలకు, తమ్ముళ్లకు నమస్కారం.

ఈ హాల్లో చాలామంది పిల్లలు అమెరికాలోనో లండన్‌లోనో ఆస్ట్రేలియాలోనో ఉన్నారు. కోడలి పురిటికనో, కొత్తింట్లో పాలు పొంగించడానికనో రమ్మంటారు. "నాన్నా, ఈసారి బిజినెస్ క్లాస్ చెయ్యనా?" అని ఫోన్లో అడుగుతారు. "ఎందుకురా డబ్బు దండగ" అని మనం కొట్టిపారేస్తాం. దండగో కాదో తేలాలంటే, ఆ డబ్బుకి ఏం వస్తుందో, ఎంత పోసినా ఏం రాదో తెలియాలి కదా. ఇవాళ ఆ సంగతే మాట్లాడుకుందాం.

ముందుగా రైలు లెక్క మనసులోంచి తీసెయ్యండి. రైల్లో స్లీపర్ నుంచి ఏసీకి మారితే గాలే మారిపోతుంది. దుమ్మూ ఎండా చప్పుడూ బయటే ఆగిపోతాయి. విమానంలో అలా కుదరదు. మొదటి వరుసలో లక్షలు పోసి కూర్చున్నాయనకీ, 40వ వరుసలో మధ్య సీట్లో ఇరుక్కున్నావిడకీ గాలి ఒత్తిడి ఒకటే. దాన్ని నిర్ణయించేది విమానం మోడల్, టికెట్ మీద రాసిన తరగతి కాదు. అందుకే తరగతి కంటే ముందు విమానం చూడమంటాను.

విమానం 35 వేల నుంచి 40 వేల అడుగుల ఎత్తులో పోతుంది. అక్కడి గాలితో మనిషి బతకడు కాబట్టి లోపల ఒత్తిడి పెంచుతారు. అలాగని నేలమీద ఉన్నంతా పెంచరు. మామూలు ప్రయాణంలో లోపలి ఒత్తిడి 8,000 అడుగుల కొండమీద ఉండే ఒత్తిడి కంటే తగ్గకూడదని నిబంధన. పాత అల్యూమినియం విమానాలు దాదాపు ఆ హద్దు దాకా వెళ్తాయి. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఎ350 మాత్రం 6,000 అడుగుల దగ్గరే ఆపుతాయి. మన కొరాపుట్ జిల్లా దేవమాలి శిఖరం ఎత్తు 1,672 మీటర్లు, అంటే సుమారు 5,500 అడుగులు. కొత్త విమానంలో కూర్చోవడమంటే దేవమాలి నెత్తికి ఇంకో 500 అడుగుల పైన కూర్చోవడమన్నమాట. పాతదాంట్లో అయితే దేవమాలి పైన 2,500 అడుగులు ఎక్కాలి. గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకి ఈ తేడా చిన్నది కాదు. వాళ్లు టికెట్ కొనక ముందే డాక్టర్ని అడగాలి, కొన్నాక కాదు.

కొత్తవాటికి ఇది ఎలా సాధ్యమైంది? పైకెళ్లిన ప్రతిసారీ విమానం ఒళ్లు లోపలి ఒత్తిడికి కొద్దిగా ఉబ్బి, దిగాక మళ్లీ మామూలవుతుంది. వేలసార్లు ఇలా జరిగితే అల్యూమినియం అలిసిపోయి పగుళ్లిస్తుంది. అందుకని లోపల ఒత్తిడి తక్కువ పెట్టి దాని ఆయుష్షు కాపాడతారు. 2011లో సర్వీసులోకి వచ్చిన 787 బరువులో సగం, 2015లో వచ్చిన ఎ350 బరువులో 53 శాతం కార్బన్ ఫైబర్ లాంటి మిశ్రమ పదార్థాలే. వాటికి ఆ అలసటా తక్కువ, తుప్పు భయమూ తక్కువ. తుప్పు భయం తగ్గింది కాబట్టి లోపల గాలిలో కాస్త తేమ కూడా ఉండనిస్తారు.

ఎత్తుతో కడుపుకీ సంబంధం ఉంది. ఒత్తిడి తగ్గితే గాలి వ్యాకోచిస్తుంది. 8,000 అడుగుల దగ్గర పేగుల్లో గాలి సుమారు మూడో వంతు పెరుగుతుంది, 6,000 దగ్గర నాలుగో వంతు. పొట్ట బిగిసి, నడుం పట్టేసి, "సీటు బాగోలేదు" అని మనం తిట్టుకునే సందర్భాల్లో సగం తప్పు ఎక్కేముందు తిన్నదాన్లో ఉంటుంది. విమానం రోజున ఘుగుని (బఠానీ కూర), శనగలు, సోడా మానెయ్యండి.

ఇక పొడిగాలి. బయటి గాలిలో తేమ దాదాపు సున్నా. లోపల ఉన్న కాస్త తేమా ఎక్కువగా ప్రయాణికుల ఊపిరి, చెమటల నుంచి వచ్చిందే. పాత విమానాల్లో 10 శాతం దగ్గరుంటే, ఎ350 లాంటివాటిలో 20 దాకా ఉంటుంది. ఇందులో ఒక తమాషా ఉంది. మనుషులు పలచగా కూర్చునే బిజినెస్ క్లాస్‌లో ఊపిర్లూ తక్కువే కాబట్టి, ప్రత్యేకంగా తేమ యంత్రం పెడితే తప్ప, అక్కడి గాలి వెనకవైపు కంటే ఇంకా పొడి! గొంతు ఎండడానికీ ముక్కు మండడానికీ డబ్బు మందు కాదు. గంటకోసారి నాలుగు గుక్కలు నీళ్లు, ముక్కులోకి సెలైన్ చుక్కలు, కాంటాక్ట్ లెన్సులు తీసేసి కళ్లజోడు. ఇంతే. గాలి శుభ్రతకి దిగులు అక్కర్లేదు. తిరిగి వాడే గాలి, సన్నటి దుమ్మునీ క్రిముల్నీ పట్టేసే హెపా ఫిల్టర్ గుండా పోతుంది, రెండు మూడు నిమిషాలకోసారి క్యాబిన్ గాలంతా మారుతుంది.

చప్పుడు మాత్రం కూర్చున్న చోటును బట్టి మారుతుంది. రెక్కకి ముందున్న సీట్లలో ఇంజిన్ హోరు తక్కువ, వెనక ఎక్కువ. కుదుపులు రెక్క దగ్గర తక్కువ, తోక దగ్గర ఎక్కువ.

ఇప్పుడు డబ్బుతో నిజంగా కొనుక్కునే సరుకు దగ్గరకొద్దాం. అది జాగా.

ఎకానమీలో జాగా రెండు కొలతల్లో ఉంటుంది. అడ్డం కొలత, అంటే సీటుకి రెండువైపులా మనం మోచేతులు ఆనించే సీటు చేతుల మధ్య వెడల్పు. ఇది క్యాబిన్ వెడల్పు మీదా, వరుసకి ఎన్ని సీట్లు కుక్కారన్నదాని మీదా ఆధారపడుతుంది. 787 క్యాబిన్ వెడల్పు 216 అంగుళాలు. వరుసకి 8 సీట్లనుకుని గీసిన విమానంలో దాదాపు అన్ని కంపెనీలూ 9 పెట్టాయి. సీటుకి 17 అంగుళాల చిల్లర దక్కింది. ఎ350 వెడల్పు 221. వరుసకి అదే 9 పెడితే 18 అంగుళాల దాకా వస్తుంది. బోయింగ్ 777 ఇంకా వెడల్పు, 231. కానీ ఇప్పుడు ఎక్కువమంది అందులో 10 పెడుతున్నారు, మళ్లీ 17 దగ్గరికే వచ్చింది. పెద్ద విమానమైతే సీటు పెద్దదనుకోకండి. ఒక్క అంగుళమేగా అనీ అనుకోకండి. భుజాలు వెడల్పున్న ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే, 15 గంటలు ఆ అంగుళం కోసమే మోచేతుల యుద్ధం.

రెండోది పిచ్. ఒక సీటు మీద ఒక చోటు నుంచి ముందు సీటు మీద అదే చోటుకి ఉన్న దూరం ఇది. ఎకానమీలో సాధారణంగా 31, 32 అంగుళాలు. ఇందులో సీటు వీపు మందం కూడా కలిసే ఉంటుంది కాబట్టి దీన్ని కాళ్ల జాగా అనుకోకూడదు. వీపు పలచగా చేసిన కొత్త సీటులో అదే 31కి మోకాలికి ఇంకాస్త చోటు మిగులుతుంది. కాని మెత్త కూడా పలచనే. నాలుగైదు గంటలయ్యాక స్పాంజి అణిగిపోయి కూర్చునే ఎముకలు నొప్పెడతాయి. వాళ్లిచ్చిన దుప్పటి నాలుగు మడతలు పెట్టి కింద వేసుకోండి. సోఫాలాంటి సీటు ఎందుకు పెట్టరని అడుగుతారు. ప్రతి సీటూ గురుత్వాకర్షణకి 16 రెట్ల తాకిడిని పరీక్షలో తట్టుకోవాలి, మెత్త నిప్పంటుకోకుండా ఉండాలి, ఇన్నీ అయ్యాక బరువూ తక్కువుండాలి.

మన ఎయిర్ ఇండియా ఎ350-900నే తీసుకుంటే మొత్తం 316 సీట్లు: బిజినెస్ 28, ప్రీమియం ఎకానమీ 24, ఎకానమీ 264. ఫస్ట్ క్లాస్ లేదు. ఎమిరేట్స్ ఎ350లోనూ లేదు. కొత్త విమానాల్లో చాలా కంపెనీలు పై తరగతి ఎత్తేసి, మధ్యలో ప్రీమియం ఎకానమీని దింపాయి. మనలాంటివాళ్లు ఆలోచించాల్సిందీ దీని గురించే. ఎయిర్ ఇండియాలో దీని పిచ్ 38 అంగుళాలు, వరుసకి 2-4-2 చొప్పున (కిటికీల వైపు రెండేసి, మధ్యలో నాలుగు) 8 మంది. ఎకానమీలో 31 అంగుళాలు, 9 మంది. లెక్క వేద్దాం. 38ని 8తో భాగిస్తే 4.75. 31ని 9తో భాగిస్తే 3.44. అంటే ప్రీమియంలో మనిషి తీసుకునే నేల ఎకానమీ కంటే సుమారు 38 శాతం ఎక్కువ. ధర ఎకానమీకి ఒకటిన్నర రెట్ల లోపుంటే జాగాకి జాగా విలువ వచ్చినట్టే, నేనైతే తీసుకోమంటాను. రెట్టింపు దాటితే మీరు కట్టేది నేలకి కాదు, అదనపు సామానుకీ, ముందుగా ఎక్కించడానికీ, పింగాణీ పళ్లేనికీ. అప్పుడు మీ ఇష్టం.

ప్రీమియంలో చిక్కు ఒకటుంది. టేబులూ, కొన్నింటిలో టీవీ తెరా సీటు చేతిలోనే దాచి ఉంటాయి కాబట్టి సీటు చేతులు సాధారణంగా పైకి లేవవు. చంటిబిడ్డని ఒళ్లో, పక్కన పడుకోబెట్టుకోవాలనుకునే తల్లికి ఎకానమీలో చేతులు పైకెత్తిన సీట్లే నయం. దంపతులైతే మధ్య నాలుగు కాక, కిటికీ వైపు రెండు తీసుకోండి.

పెద్దవాళ్లకి నా సలహా: ఎకానమీ అయినా సరే, నడవా పక్క సీటు. కిటికీ దగ్గర కూర్చున్నవాళ్లు ఇద్దర్ని లేపడానికి మొహమాటపడి బిగుసుకుపోతారు. నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో కాలి నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. మొత్తం మీద అది అరుదే, సుమారు 6,000 మందిలో ఒకరికి. అది తరగతిని చూసి రాదు, కదలకుండా కూర్చుంటే వస్తుంది. బస్సులోనూ వస్తుంది. మనకింకో సమస్య. రాయగడ నుంచి విశాఖ దాకా రైలు, అక్కణ్నుంచి ఢిల్లీయో హైదరాబాదో, ఆ తర్వాత అసలు విమానం. పెద్ద విమానం ఎక్కేసరికే పాదాలు వాచి ఉంటాయి. మడమలు నేలకానించి మునివేళ్లు పైకీ, మునివేళ్లు ఆనించి మడమలు పైకీ, గంటకి ఇరవై ముప్పైసార్లు. ఇదివరకు రక్తం గడ్డకట్టినవాళ్లు, ఈమధ్యే ఆపరేషనైనవాళ్లు బిగుతు మేజోళ్ల సంగతి డాక్టర్ని అడగండి.

నడవా సీటు చెయ్యి లేవదనుకుంటారు. చాలా విమానాల్లో కొన్ని వరుసలకి లేస్తుంది. చేతి అడుగున, వెనక మడత దగ్గర వేలితో తడిమితే చిన్న మీట తగులుతుంది. అది నొక్కి పైకెత్తండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పక్కకి తిరిగి లేవడానికి ఇంతకంటే మంచి ఉపాయం లేదు.

ఎమర్జెన్సీ తలుపు వరుసలో కాళ్లకి బోలెడు చోటని ఎగబడొద్దు. ఆ తలుపు తీసే సత్తువ ఉన్నవాళ్లకే అది ఇస్తారు. సీటు చేతులు కదలవు, సీటు కాస్త ఇరుకు, కాళ్లకి చలి, ఎగిరేటప్పుడు సంచి కింద పెట్టనివ్వరు. అడ్డగోడ వెనక మొదటి వరుస చంటిపిల్లల ఉయ్యాలకి మంచిది. మీకు పిల్లల్లేకపోతే పక్కవాళ్ల పిల్లల ఏడుపు మీదవుతుంది. ఆఖరి వరుసలో వీపు వాలకపోవచ్చు, పైగా మరుగుదొడ్డి క్యూ. కొన్ని సీట్ల ముందు టీవీ తాలూకు పెట్టె ఉండి ఒక కాలి చోటు తినేస్తుంది.

బిజినెస్‌లో వచ్చే అసలు లాభం నిద్ర. సీటు పూర్తిగా మంచమవుతుంది. కానీ అన్ని బిజినెస్‌లూ ఒకటి కావు. 1-2-1 అయితే ప్రతి సీటూ నడవాకి ఆనుకునే ఉంటుంది. 2-2-2 అయితే కిటికీ వైపాయన రాత్రి లేవాలంటే పక్కాయన కాళ్లు దాటాలి. ఒకే కంపెనీలో రెండూ ఉంటాయి. ఎయిర్ ఇండియా ఎ350 మొదటి రకం. 18 బిజినెస్, 238 ఎకానమీ సీట్లతో వచ్చిన వాళ్ల పాత 787-8 రెండో రకం, దాంట్లో ప్రీమియం ఎకానమీయే లేదు. అందుకే టికెట్ కొనేటప్పుడు విమానం కోడ్ చూడండి: 359 అంటే ఎ350-900, 351 అంటే ఎ350-1000, 788, 789 అంటే 787లు, 77 తర్వాత డబ్ల్యూ ఉంటే 777-300ఈఆర్. ప్రయాణానికి వారం ముందు ఇంకోసారి చూడండి, విమానం మార్చేస్తే సీట్ల పటం మారిపోతుంది.

మంచం అన్నానని పట్టెమంచం ఊహించుకోకండి. పడుకున్నప్పుడు పాదాలు ముందు సీటు పక్కనున్న చిన్న గూటిలోకి పోతాయి. పొడుగువాళ్లు పక్కకి తిరిగితే మోకాలు గోడకి కొట్టుకుంటుంది. మొదటి వరుసలో ఆ గూడు తరచూ పెద్దదిగా ఉంటుంది, దొరికితే అదే తీసుకోండి. బెల్టు దుప్పటి పైనుంచి పెట్టుకోండి. కుదుపులొచ్చినప్పుడు బెల్టుందో లేదో చూడ్డానికి మిమ్మల్ని నిద్రలేపరు.

ఆస్ట్రేలియా విమాన కంపెనీ క్వాంటాస్, సిడ్నీ నుంచి లండన్‌కి ఆగకుండా పోవడానికి ఆర్డరిచ్చిన ఎ350-1000లో 238 సీట్లే పెడుతోంది. మామూలుగా 350 పైన పట్టే విమానం అది. ఎకానమీ పిచ్ 33 అంగుళాలు, మధ్యలో ఒళ్లు విరుచుకోవడానికి వేరే చోటు. ఇదంతా దయ అనుకోకండి. 20 గంటలు దాటి ఎగరాలంటే బరువు తగ్గక తప్పదు.

తిండి గురించి ఒక్క ముక్క. పొడిగాలిలో, హోరులో నాలుకకి ఉప్పూ తీపీ సరిగా తెలియవు, చప్పగా ఉంటుంది. ఆవకాయ సీసా చేతిసంచిలో పెడితే తనిఖీలో ఆపేస్తారు. కరివేపాకు పొడి చిన్న పొట్లం కట్టుకోండి. శాకాహారం, షుగర్ భోజనం కావాలంటే కనీసం 24 గంటల ముందే చెప్పాలి. చక్రాల కుర్చీ 48 గంటల ముందు.

చివరిగా పవర్ బ్యాంకు, ఫోను. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు అంటే 74 వాట్ అవర్లు. 100 వాట్ అవర్ల లోపైతే చేతిసంచిలో అనుమతి, కింద వేసే పెట్టెలో మాత్రం ఎప్పుడూ పెట్టకూడదు. విమానంలో వాడొచ్చో లేదో ముందే కంపెనీని అడగండి. బిజినెస్‌లో గానీ ప్రీమియంలో గానీ ఫోను సీటు సందులోకి జారిపోతే, వెతుక్కోవడానికి మీట నొక్కి సీటు ముందుకీ వెనక్కీ జరపొద్దు. లోపలి మోటారు, ఇనుప కడ్డీలు ఫోన్‌ని నలిపేస్తే బ్యాటరీ అంటుకుంటుంది. కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే ఉండి గంట నొక్కండి, సిబ్బంది వచ్చి తీస్తారు.

సీట్ల పటాలు కొన్ని అచ్చు వేయించి తెచ్చాను, ఈ బల్ల మీదున్నాయి. టికెట్ చేతిలో ఉన్నవాళ్లు ముందు రండి, ఎవరి వరుస ఎక్కడుందో చూద్దాం.