ఆవకాయ ముక్కలు ఈదిన రాత్రి

అందరికీ నమస్కారం అండీ. పోయిన ఆదివారం మా ఇంట్లో జరిగింది చెబుతాను. నవ్వొస్తే నవ్వేయండి, మేమూ ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నాం.

మాది హైదరాబాద్ శివారు, ఉప్పల్ దాటాక బోడుప్పల్. ఆవకాయ కోసం పాతిక కాయలు బజారులో కొట్టించుకొచ్చాం. ముక్కకి టెంక ఉండి తీరాలి, లేకపోతే నాలుగు నెలలకే మెత్తబడిపోతుంది. జీడి తీసి, టెంకకి అంటుకున్న సన్నటి పొర గోకి, ఒక్కో ముక్కా పొడిగుడ్డతో తుడిచాం. అత్తయ్యకీ నాకూ మూడు గంటలు పట్టింది. నడుములు పడిపోయాయి. చుక్క తడి తగిలినా బూజు పడుతుంది కాబట్టి, హాల్లో పాత నూలుచీర పరిచి ఫ్యాన్ కింద ఆరబోశాం.

ఆ రాత్రి ట్యాంకులో నీళ్ళయిపోయాయి. మావారు వంటింటి కుళాయి తిప్పారు, రాలేదు. కట్టకుండానే వెళ్ళి పడుకున్నారు. మావాడు తిన్న కంచాన్ని సింకులో, సరిగ్గా నీళ్ళుపోయే కన్నం మీదే బోర్లించాడు. తెల్లవారుజామున నాలుగింటికి వాచ్‌మన్ మోటారు వేశాడు.

మంచం దిగితే కాలికి చల్లగా తగిలింది. లైటు వేశాను. మావాడి చెప్పు ఒకటి తేలుతూ వంటింట్లోంచి వస్తోంది, దాని వెనకాలే జీడిపొరలు! "ఏమండీ, లేవండి!" అని అరిచాను. ఆయన పరుగున వచ్చి చీర రెండు కొసలు పట్టుకున్నారు, అత్తయ్య మిగతా రెండు పట్టుకున్నారు. ఒక్కసారి పైకెత్తారు. అది నా పెళ్ళయిన కొత్తలోది, ఎంతకని ఆగుతుంది? పర్రుమని చిరిగి ముక్కలన్నీ సోఫా కిందకి ఈదుకుంటూ పోయాయి. మావాడు బకెట్‌తో వాటి వెంట పడ్డాడు.

అప్పుడు నాకు ఏడుపే వచ్చింది. మూడు గంటల చాకిరీ అండీ. అత్తయ్య నా భుజం మీద చెయ్యి వేసి, "ఊరుకోమ్మా, తడిస్తే ఆవకాయకే పనికిరాదు, పప్పులోకి భేషుగ్గా ఉంటుంది" అన్నారు. ఆ మాటకి నవ్వొచ్చేసింది. ముక్కలు మళ్ళీ శుభ్రంగా కడిగి, పెద్ద గిన్నెడు మామిడికాయ పప్పు, ఇంకో గిన్నెడు పులుసు పెట్టాం. మా బాల్కనీ నీళ్ళు కారుతున్నాయని చెప్పడానికి వచ్చిన కిందింటి పిన్నిగారితో సహా, మా అంతస్తులో అందరూ ఆ పూట అదే తిన్నారు.

బుధవారం మళ్ళీ కాయలు తెచ్చాం. ఈసారి ముక్కలు తుడిచింది మావారే. నాలుగు గిన్నెల ముక్కలకి గిన్నె కారం, గిన్నె ఆవపిండి, ముప్పావు గిన్నె ఉప్పు, నిండుగా నువ్వులనూనె. ఆ రాత్రి ఆయనే రెండుసార్లు లేచి ఇంట్లో కుళాయిలన్నీ తిప్పి చూసుకున్నారు.

ఇదిగో జాడీ. ఇవాళ్టికి మూడో రోజు, తిరగకలుపుతున్నాను. అత్తయ్యా, ఇలా రండి, ఉప్పు సరిపోయిందో లేదో చూసి చెప్పండి.