జెస్ట్‌లో స్పై, మాక్: రైతు ఫోనుకు పోయే మెసేజ్‌ని టెస్ట్ చేద్దాం

నమస్కారం. జెస్ట్ అంటే జావాస్క్రిప్ట్ కోడ్‌ని టెస్ట్ చేసే టూల్. మాక్ అంటే అసలు ఫంక్షన్ చోట పెట్టే నకిలీ ఫంక్షన్, స్పై అంటే ఉన్న ఫంక్షన్‌కి వచ్చే పిలుపుల్ని గమనించేది. ఈ వీడియోలో జెస్ట్‌ ఇచ్చే మాక్‌లు, స్పైలు ఎంతవరకు నమ్మదగినవో చూద్దాం. ఉదాహరణకి మన కర్నూలు మార్కెట్ యార్డే తీసుకుందాం. రైతు 40 క్వింటాళ్ల ఉల్లిగడ్డ తెచ్చాడు, క్వింటా 1,200 పలికింది అనుకోండి. 48,000లో హమాలీ కూలి 800 పోతే చేతికి 47,200. ఈ లెక్క కట్టి రైతుకి మెసేజ్ పంపే ఫంక్షన్ మనది.

స్క్రీన్ చూడండి. ‘జెస్ట్ డాట్ ఎఫ్ఎన్’ ఖాళీ ఫంక్షన్. ఎన్నిసార్లు పిలిచారో, ఏమిచ్చి పిలిచారో రాసి పెట్టుకుంటుంది. ‘స్పైఆన్’ మాత్రం ఉన్న మెథడ్‌కే కాపలా కాస్తుంది, అసలు మెథడ్‌నీ నడవనిస్తుంది! జాస్మిన్ అనే ఇంకో టెస్ట్ టూల్ నుంచి వచ్చినవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. అక్కడ స్పై పెడితే అసలుది ఆగిపోతుంది, ఇక్కడ ఆగదు. టెస్ట్ నడిపిన ప్రతిసారీ రైతుకి నిజం మెసేజ్ పోతుంది. అందుకే స్పై పెట్టిన లైనులోనే ‘మాక్ రిజాల్వ్‌డ్ వాల్యూ’ తగిలించండి, అప్పుడు అసలుది నడవదు, మీరిచ్చిన విలువే వెనక్కి వస్తుంది.

ఇంకో చిక్కుంది, దీన్ని కనిపెట్టడం కష్టం. మాక్ తనకిచ్చిన ఆబ్జెక్ట్‌ని కాపీ చేసుకోదు, దాని రిఫరెన్స్, అంటే అది ఎక్కడుందో చెప్పే గుర్తు మాత్రమే దాచుకుంటుంది. మెసేజ్ పంపాక మీ కోడ్ అదే ఆబ్జెక్ట్‌లో మొత్తాన్ని సున్నా చేసిందనుకోండి. పంపింది 47,200 అయినా టెస్ట్‌లో సున్నానే కనిపిస్తుంది. ‘మాక్ ఇంప్లిమెంటేషన్’ లోపల ‘స్ట్రక్చర్డ్ క్లోన్’తో కాపీ తీసి వేరే అర్రేలో వేసుకోండి, దాన్ని పోల్చండి.

లెక్క కట్టే ఫంక్షన్, మెసేజ్ పంపే ఫంక్షన్ ఒకే ఫైల్లో ఉండి, నేరుగా పేరుతో పిలుచుకుంటే స్పైకి ఆ పిలుపు తెలియదు. పంపే ఫంక్షన్‌ని వేరే ఫైల్లోకి మార్చండి, లేదా పారామీటర్‌గా అందించండి. నాకైతే రెండోదే నచ్చుతుంది, దాంట్లో దాపరికం లేదు.

లెక్క కట్టే ఫంక్షన్‌ని మాత్రం దయచేసి మాక్ చేయకండి. హమాలీ కూలి తీసేయడం మరిచినా టెస్ట్ పాసైనట్టు పచ్చగానే ఉంటుంది, నష్టం రైతుకి.

‘మాక్ క్లియర్’ పిలుపుల లెక్కనే చెరిపేస్తుంది. స్పై తీసేసి అసలు మెథడ్ తిరిగి రావాలంటే ‘మాక్ రీస్టోర్’ కావాలి. కాన్ఫిగ్‌లో ‘రీస్టోర్ మాక్స్’ని ట్రూ చేసి పెట్టుకుంటే ప్రతి టెస్ట్‌కి ముందు అదే చూసుకుంటుంది.