సాలీడు కాటు: ఎక్కడ ఓపిక పట్టాలి, ఎక్కడ పరుగెత్తాలి

అందరికీ నమస్కారం.

ఇప్పటివరకు గుర్తించిన సాలీడు జాతులు 50,000 పైనే ఉన్నాయి. దాదాపు అన్నింటికీ విషం ఉంది. అయినా మనిషికి ప్రాణం మీదకు తెచ్చేవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని రకాలే. చాలావాటి కోరలు మన చర్మంలోకి దిగవు కూడా. కాబట్టి సాలీడు కాటుకు వైద్యమంటే చాలావరకు నొప్పి తగ్గించడం, గాయాన్ని కెలక్కుండా చూసుకోవడం. పరుగెత్తాల్సిన సందర్భాలు కొన్నే ఉన్నాయి. ఆ తేడా తెలియకే కొందరు ఆలస్యం చేస్తున్నారు, కొందరికి అక్కర్లేని కోతలు పడుతున్నాయి.

ముందు అమెరికాలో ఉండే బ్రౌన్ రెక్లూజ్ అనే సాలీడు సంగతి చెప్తాను, ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. ఒంటి మీద నల్లబడిన పుండు కనిపిస్తే చాలు, సాలీడు కరిచిందంటారు. ఆ సాలీడును చూసినవాళ్లు ఎవరూ ఉండరు. అమెరికాలోని కాన్సాస్‌లో 2001లో ఒక ఇంట్లో ఆరు నెలల్లో 2,055 రెక్లూజ్ సాలీళ్లు దొరికాయి. నలుగురున్న కుటుంబం ఏళ్లుగా ఆ ఇంట్లోనే ఉంటోంది. అప్పటికి వాళ్లలో ఒక్కరికీ కాటు పడలేదు. అలాంటిది, ఈ సాలీడు బతకని ప్రాంతాల్లో కూడా రెక్లూజ్ కాటు అని రాసేస్తుంటే ఏమనాలి? అసలు కారణం చాలాసార్లు మామూలు మందులకు లొంగని బ్యాక్టీరియా. దానికి తగిన యాంటీబయాటిక్ పడాలి, చీము తీయాలి. సాలీడు మీద నెపం వేస్తే ఆ వైద్యం ఆగిపోతుంది.

నిజంగా రెక్లూజ్ కరిస్తే ఎలా ఉంటుందో చూడండి. కరిచినప్పుడు పెద్దగా తెలియదు. కొన్ని గంటలకు నొప్పి మొదలవుతుంది. మధ్యలో నీలిరంగు మచ్చ, దాని చుట్టూ పాలిపోయిన వలయం, ఆ పైన ఎరుపు. చీము ఉండదు. పుండు పొడిగా, చదునుగా, మధ్యలో కాస్త లోపలికి దిగి ఉంటుంది. సాధారణంగా ఒక్కటే ఉంటుంది. సబ్బునీళ్లతో కడగడం, గుడ్డలో చుట్టిన ఐస్ పెట్టడం, ఆ చెయ్యో కాలో ఎత్తులో ఉంచడం, ధనుర్వాతం టీకా అవసరమైతే వేయించడం, చాలామందికి ఇంతే సరిపోతుంది. చచ్చిన చర్మాన్ని మొదటి రోజుల్లోనే కోసేస్తే గాయం ఇంకా పెద్దదవుతుంది. ఎక్కడిదాకా చచ్చిందో తేలేవరకు ఆగాలి. అయితే జ్వరం వచ్చి, మూత్రం ముదురు రంగుకు తిరిగితే మాత్రం ఒక్క పూట కూడా ఆగకండి. ఎర్ర రక్తకణాలు పగిలిపోతున్నాయని దానికి అర్థం కావచ్చు. పిల్లల్లో ఈ భయం ఎక్కువ. పుండు చిన్నగా ఉందని ధీమా పడకూడదు.

బ్లాక్ విడో అనే సాలీడు దారి వేరు. దాని విషం నరాల చివర్లను కట్టకుండా వదిలేసిన కుళాయిలా మార్చేస్తుంది. కండరాలు పట్టేస్తాయి, చెమటలు పోస్తాయి, బీపీ పెరుగుతుంది. పొట్ట చెక్కలా బిగుసుకుపోతుంది. కాటు సంగతి తెలియకపోతే అపెండిక్స్ పగిలిందేమోనని ఆపరేషన్‌కు సిద్ధమయ్యే ప్రమాదం ఉంది. 1933లో అలబామా విశ్వవిద్యాలయ ఆచార్యులు అలన్ బ్లేర్ ఈ సాలీడును పది సెకన్ల పాటు తన వేలిని కరవనిచ్చి ఆసుపత్రి పాలయ్యారు. ఆ బాధనంతా వైద్య ప్రపంచం కోసం రాసిపెట్టారు.

దీనికి బలమైన నొప్పి మందులు, కండరాలను సడలించే మందులు ఇస్తారు. ఒకప్పుడు కాల్షియం ఎక్కించేవారు, దానివల్ల పెద్దగా ఫలితం లేదని తేలింది. గుర్రాల రక్తం నుంచి తీసిన యాంటీవీనమ్ (విషానికి విరుగుడు మందు) ఉంది కానీ, దానితో తీవ్రమైన అలర్జీ రావచ్చు. దీనికి దగ్గరి బంధువైన ఆస్ట్రేలియా రెడ్‌బ్యాక్ కాటుకు యాంటీవీనమ్ 1956 నుంచీ వాడారు. 2014లో 224 మంది మీద జరిగిన పరీక్షలో, నొప్పి మందులకు దాన్ని కలిపినా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఈ విషయంలో వైద్యుల మధ్య వాదన ఇంకా నడుస్తోంది. నా మట్టుకు నాకు, ముందు నొప్పిని పూర్తిగా అదుపు చేసి, లొంగని కేసుల్లోనే యాంటీవీనమ్ గురించి ఆలోచించడం సబబు.

ఇక నిజంగా పరుగెత్తాల్సింది ఆస్ట్రేలియాలోని సిడ్నీ ఫనెల్ వెబ్ అనే సాలీడు కరిచినప్పుడు. పెదవుల చుట్టూ తిమ్మిరి, నాలుక అదరడం, నోట్లో చొంగ, కళ్లలో నీళ్లు, ఆ తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు. ఇదంతా నిమిషాల్లో జరగొచ్చు. 13 మరణాలు నమోదయ్యాక, ఆస్ట్రేలియా పరిశోధకుడు స్ట్రువాన్ సదర్లాండ్ బృందం ఏళ్ల తరబడి కష్టపడి 1981లో యాంటీవీనమ్ తెచ్చింది. మనుషుల్ని, కోతుల్ని పట్టి కుదిపేసే ఈ విషం కుందేళ్లను పెద్దగా ఏమీ చేయదు. అందుకే వాటి రక్తం నుంచే మందు తీశారు. ఆ తర్వాత ఈ కాటుతో మరణం నమోదు కాలేదు. వైద్యంలో ఇంత స్పష్టమైన విజయాలు అరుదు.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోండి. రెడ్‌బ్యాక్ కాటుకు గట్టి కట్టు కట్టకూడదు, నొప్పి పెరుగుతుంది. ఫనెల్ వెబ్‌కు మాత్రం కట్టి తీరాలి. సాగే గుడ్డతో ఆ చెయ్యి లేదా కాలు మొత్తం చుట్టి, బద్ద కట్టి, మనిషిని నడవనివ్వకుండా తీసుకెళ్లాలి. వీలైతే సాలీడును దూరం నుంచి ఫొటో తీయండి, దాని కోసం వెతుకుతూ టైమ్ పోగొట్టకండి. ఆసుపత్రికి చేరాక కూడా యాంటీవీనమ్ సిద్ధమయ్యేదాకా ఆ కట్టు విప్పనివ్వకండి.