"సెట్"కు అర్థాల లిస్టు బట్టీ కొట్టకండి

నమస్తే. హనుమకొండలో పోటీ పరీక్షలకు చదివే పిల్లల ఫోన్లలో ఒక పీడీఎఫ్ తిరుగుతోంది. "సెట్" అనే ఒక్క ఇంగ్లిష్ మాటకు వరస నంబర్లు వేసి అర్థాలు ఇచ్చారు. ఉంచుట, అమర్చుట, గడ్డకట్టుట, అస్తమించుట, నిర్ణయించుట... నయీంనగర్ హాస్టళ్లలో పిల్లలు దీన్ని ఎక్కాల్లా వల్లె వేస్తున్నారు. చూస్తే బాధ, కోపం రెండూ వస్తున్నాయి నాకు. కోపం పిల్లల మీద కాదు, ఇంగ్లిష్ ఇలాగే నేర్చుకోవాలని వాళ్లకు చెప్పినవాళ్ల మీద.

ఇది లిస్టుతో అయ్యే పని కాదు. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ రెండో ముద్రణ 1989లో 20 సంపుటాలుగా వచ్చింది. అందులో "సెట్" అనే క్రియకే 430కి పైగా అర్థాలున్నాయి, వాటి వివరణే దాదాపు 60,000 పదాలు. ఇంగ్లండులో పుట్టి పెరిగినవాళ్లు కూడా దాన్ని బట్టీ కొట్టరు.

మరి వాళ్లకెలా వచ్చింది? మనకు "పెట్టు" ఎలా వచ్చిందో అలాగే.

అన్నం పెట్టు. బొట్టు పెట్టు. పేరు పెట్టు. పొయ్యి మీద చాయ్ పెట్టు. కేసు పెట్టు. ముహూర్తం పెట్టు. దీనికి ఎవరైనా లిస్టు ఇచ్చారా మీకు? మూడేళ్ల పిల్ల "అమ్మా, బువ్వ పెట్టు" అంటుంది, "నాకు బొట్టు పెట్టు" అని కూడా అంటుంది. ఎక్కడా తికమక పడదు. పక్కనున్న మాటను బట్టి పని తెలిసిపోతుంది.

ఇప్పుడు ఇంగ్లిష్ వైపు చూడండి. సెట్ ఫైర్, నిప్పు పెట్టు. సెట్ ద అలారం, అలారం పెట్టు. సెట్ ఎ ట్రాప్, బోను పెట్టు. సెట్ ఎ లిమిట్, హద్దు పెట్టు. సెట్ ఎ డేట్, పెళ్లికైతే ముహూర్తం పెట్టు. ఐదు చోట్లా మన "పెట్టు" అతికినట్టు సరిపోయింది. అన్ని చోట్లా ఇలా కుదరదు, అన్నం పెట్టడానికి వాళ్లు సెట్ అనరు. కానీ ముందు "పెట్టు" పెట్టి చూడండి, సగం వాక్యాలు అక్కడే తేలిపోతాయి.

ఇలా ఎందుకు కుదిరింది? నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. పాత ఇంగ్లిష్‌లో "సెట్" అంటే కూర్చోబెట్టడం. "సిట్" అంటే కూర్చోవడం, దానికి ప్రేరణ రూపం "సెట్". కూర్చో, కూర్చోబెట్టు. చూడండి, మన మాటలోనూ "పెట్టు" ఉంది! లై (పడుకోవడం) నుంచి లే (పడుకోబెట్టడం), రైజ్ (లేవడం) నుంచి రెయిజ్ (లేపడం), ఫాల్ (పడడం) నుంచి ఫెల్, అంటే చెట్టు పడగొట్టడం, ఇవన్నీ ఆ రకం జతలే. ఇంగ్లిష్ ఈ పద్ధతి వదిలేసి చాలా కాలమైంది, పాత జతలు కొన్ని మిగిలాయి. మనం మాత్రం రోజూ తినిపిస్తాం, నవ్విస్తాం, పడుకోబెడతాం. ఈ విషయంలో తెలుగు పిల్లలకు ఇంగ్లిష్ పిల్లల కంటే సులువు. కానీ క్లాసులో ఈ మాట వాళ్లకు ఎవరూ చెప్పరు.

ఇక "గడ్డకట్టుట". రాత్రి పాలు తోడు పెడతాం, పొద్దున్నకు పెరుగు తోడుకుంటుంది. పెట్టింది మనం, తోడుకున్నది అది. తెలుగులో రూపం మారింది. ఇంగ్లిష్‌లో రెండు పక్కలా "సెట్" ఒక్కటే. ఎవరో ఒకటి కుదురుగా పెట్టినా సెట్, అదంతట అదే కుదురుకున్నా సెట్. పీడీఎఫ్‌లో ఇది విడి నంబరు, నిజానికి అదే మాట అటు తిరిగింది.

మన మేస్త్రీలకు ఇది బాగా తెలుసు. "సిమెంటు సెట్ అయింది, ఇంక నీళ్లు పోయొద్దు" అని తట్టలో కలిపిన సిమెంటు మాల్‌ను పక్కన పారబోయిస్తారు. ఎన్ఐటీలో సివిల్ పిల్లలు దీన్నే ల్యాబ్‌లో సూదితో కొలుస్తారు. తడి సిమెంటు ముద్దలోకి సూది దింపుతారు, మొదట అడుగు దాకా దిగిపోతుంది. కాసేపటికి కాస్త పైనే ఆగిపోతుంది. అది ఇనీషియల్ సెట్టింగ్. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఇది 30 నిమిషాల లోపు రాకూడదు, ఫైనల్ సెట్టింగ్ 600 నిమిషాలు దాటకూడదు. కలిపిన మాల్‌ను గోడకు పెట్టడానికి టైమ్ ఉండాలి కదా! పొద్దు గూకడం కూడా ఈ వరసలోదే. సూర్యుణ్ని ఎవరూ దించి పెట్టరు, తానే దిగి కూర్చుంటాడు. ముసురు పట్టినప్పుడు "ద రెయిన్స్ హావ్ సెట్ ఇన్" అంటారు, అంటే వచ్చి తిష్ట వేసిందని.

మరి సోఫా సెట్టు, బావి కాడి పంపుసెట్టు, పదో తరగతి లెక్కల్లో సమితులు? ఇక్కడ "పెట్టు" పనిచేయదు. గుంపు అనే అర్థమున్న ఈ సెట్ పుట్టుక వేరు. లాటిన్ నుంచి ఫ్రెంచ్ మీదుగా వచ్చింది, మత శాఖను చెప్పే "సెక్ట్"కు చుట్టం. కాలక్రమంలో రెండూ కలిసిపోయాయి. కాకతీయ యూనివర్సిటీ చాలా ఏళ్లు నిర్వహించిన ఐసెట్‌లో ఉన్నది ఈ రెండూ కాదు, అది కామన్ ఎంట్రన్స్ టెస్ట్. తెలుగులో రాస్తే ఒకేలా ఉంటుంది, అంతే.

టైమ్ దగ్గర పడింది, మిగతావి గబగబా చెప్పేస్తాను. "సెట్ అసైడ్" దగ్గర జాగ్రత్త. డబ్బుతో వస్తే విడిగా తీసి పెట్టడం. అదే "హైకోర్టు సెట్ అసైడ్ ది ఆర్డర్" అని చదివితే, ఆ ఆర్డర్‌ను కొట్టేసిందని. "పక్కన పెట్టింది" అని రాస్తే తర్వాత చూస్తారనుకుంటాం, కేసే తలకిందులవుతుంది. సెట్ ఆఫ్, సెట్ అవుట్ రెండూ బయలుదేరడం. "ఈ కలర్ నీకు సెట్ కాలేదు" అని మనం అంటాం, ఇంగ్లిష్‌లో అక్కడ "సూట్" రావాలి. "సెట్టెడ్" అనే రూపం లేదు, నిన్న జరిగినా సెట్టే.

అన్నట్టు, ఆక్స్‌ఫర్డ్ వాళ్ల కొత్త సవరణలో "సెట్"ను "రన్" దాటేసింది. క్రియగానే 645 అర్థాలు. దాని సంగతి వచ్చే వీడియోలో. ఈలోగా పేపర్లో "సెట్" కనిపిస్తే, దాని పక్కనున్న మాటతో సహా కామెంట్‌లో రాయండి. "పెట్టు" కుదరని వాక్యాలైతే మరీ మంచిది, వాటినే ముందు తీసుకుంటాను.