దూరపు క్లస్టర్లలో గెలాక్సీలు ఎలా ఆరిపోతాయి?

నమస్కారం. 1978లో హార్వీ బుచర్, ఆగస్టస్ ఓమ్లర్ అనే ఖగోళ శాస్త్రవేత్తలు రెండు దూరపు గెలాక్సీ క్లస్టర్లను, అంటే గెలాక్సీల పెద్ద గుంపులను, కొలిచారు. ఒకటి సీఎల్ 0024, రెండోది 3సీ 295 అనే గెలాక్సీ చుట్టూ ఉన్న గుంపు. ఆ వెలుగు మన దాకా రావడానికి 400 కోట్ల ఏళ్లకు పైగా పట్టింది. మనకు దగ్గర్లోని కోమా క్లస్టర్ నడిబొడ్డున దాదాపు అన్నీ ఎర్రటి గెలాక్సీలే, కొత్త నక్షత్రాలు పుట్టనివి. ఆ రెండింట్లో మాత్రం నీలం గెలాక్సీలు చాలా కనిపించాయి. నీలం రంగు వేడి నక్షత్రాలది, అవి ఎక్కువ కాలం బతకవు. అంటే అప్పటికి అక్కడ నక్షత్రాల పుట్టుక ఇంకా సాగుతోంది. మరి తర్వాత ఆ పుట్టుక ఆగి, అవి ఎలా ఆరిపోయాయి?

నక్షత్రానికి ముడిసరుకు చల్లటి గ్యాస్. మన చుట్టుపక్కల స్పైరల్ గెలాక్సీల్లో హైడ్రోజన్ అణువుల నిల్వ, ఇప్పుడు వాడుతున్న వేగంతోనే వాడితే, సుమారు 200 కోట్ల ఏళ్లకు సరిపోతుంది. ఆపైన బయటి నుంచి రావాల్సిందే. క్లస్టర్‌లో పడ్డ గెలాక్సీకి మొదట తెగేది ఆ రాకే. చెరువుకొచ్చే కాలవకు అడ్డుకట్ట వేసినా నీళ్లు ఆ రోజే ఎండిపోవు కదా, అలాగే పళ్లెం లాంటి తన డిస్క్‌లో ఉన్న గ్యాస్‌తో గెలాక్సీ చాలాకాలం మామూలుగానే నడుస్తుంది. ఆరిపోయే మొదటి దారి ఇది. 1980లో లార్సన్, టిన్స్‌లీ, కాల్డ్‌వెల్ అనే శాస్త్రవేత్తలు చెప్పింది ఇదే.

రెండో దారి మొరటుది. క్లస్టర్ గెలాక్సీల మధ్య ఖాళీ లేదు, కోటి నుంచి పది కోట్ల డిగ్రీల వేడి గ్యాస్ ఉంది. ఎంత పలచనంటే, చాలాచోట్ల లీటరుకు ఒకటో రెండో కణాలు. అంత పలచనిది ఏం చేస్తుందనిపిస్తుంది. కానీ గెలాక్సీ సెకనుకు వెయ్యి కిలోమీటర్ల వేగంతో దాంట్లోకి దూసుకెళ్తుంది. ఒత్తిడి సాంద్రతతో పాటు, వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలు. గన్, గాట్ 1972లోనే ఈ లెక్క వేశారు. డిస్క్ గురుత్వం గ్యాస్‌ను పట్టుకోలేని చోట, అంటే ముందు అంచుల్లో, గ్యాస్ ఊడిపోతుంది. నక్షత్రాలు మాత్రం ఈ గాలికి చెదరవు, దానికి అవి మరీ చిన్న లక్ష్యాలు.

ఏబెల్ 85 క్లస్టర్‌లోని జేవో201 గెలాక్సీని చూడండి. క్లస్టర్‌తో పోలిస్తే సెకనుకు 3,300 కిలోమీటర్లకు పైగా వేగంతో మనవైపే వస్తోంది. ఊడిన గ్యాస్ తోకలో కొత్త నక్షత్రాల ముద్దలున్నాయి. శ్రీహరికోట నుంచి 2015లో వెళ్లిన ఆస్ట్రోశాట్ అతినీలలోహిత టెలిస్కోప్‌తో మన శాస్త్రవేత్తలు వాటిని గుర్తించారు.

దూరపు గెలాక్సీలో ఏ దారి పనిచేసిందో తేల్చడానికి స్పెక్ట్రమ్, అంటే రంగులుగా విడదీసిన దాని వెలుగు, చూడాలి. 3సీ 295 క్లస్టర్‌నే తీసుకుందాం. 372.7 నానోమీటర్ల ఆక్సిజన్ గీత విశ్వ విస్తరణ వల్ల 544 దగ్గర పడుతుంది. అది వెలుగుతుంటే, కోటి ఏళ్లైనా బతకని భారీ నక్షత్రాలు ఇంకా పుడుతున్నట్టు. అది లేకుండా, 599 దగ్గర హైడ్రోజన్ డెల్టా గీత నల్లగా లోతుగా ఉంటే? ఆ నల్లగీత 'ఏ' రకం నక్షత్రాలది. వాటి ఆయుష్షు సుమారు 100 కోట్ల ఏళ్లు. అంటే పుట్టుక ఆగి అంతకంటే ఎక్కువ కాలం కాలేదు, పైగా గబుక్కున ఆగింది, మెల్లగా ఎండే మొదటి దారికి ఇది సరిపోదు. డ్రెస్లర్, గన్ 1983లో ఈ క్లస్టర్‌లోనే ఇలాంటి గెలాక్సీలు పట్టుకున్నారు. నాకు ఈ పరిశోధనంతటిలో అన్నిటికంటే బలమైన సాక్ష్యం ఇదే.

పొరపాట్లు జరిగే చోట్లున్నాయి. రంగు ఒక్కటే చూస్తే మోసపోతాం: దుమ్ము నిండిన గెలాక్సీ లోపల జోరుగా నక్షత్రాలు పుడుతున్నా ఎర్రగా కనిపిస్తుంది, ఆక్సిజన్ గీతనూ ఆ దుమ్మే మింగేస్తుంది. అందుకే 24 మైక్రాన్ల పరారుణ కాంతినీ కొలవాలి, ఇప్పుడు ఆగిపోయిన స్పిట్జర్ అంతరిక్ష టెలిస్కోప్ కొలిచినట్టు. దారిలో అడ్డొచ్చిన ముందరి నీలం గెలాక్సీ క్లస్టర్‌దే అనిపించవచ్చు, రెడ్‌షిఫ్ట్, అంటే విశ్వ విస్తరణ వల్ల వెలుగు ఎంత సాగిందో, కొలిస్తేగానీ తీసేయలేం. స్పెక్ట్రమ్ తీసే పరికరం స్పెక్ట్రోగ్రాఫ్ చీలిక గెలాక్సీ నడిమిని మాత్రమే చూస్తే, అంచుల్లో ఎప్పుడో ఆగిపోయిన సంగతి దానికి తెలియదు.

ఇంకా వెనక్కి, రెడ్‌షిఫ్ట్ 1 దాటి వెళ్తే లెక్క మారుతుంది. జెమినై టెలిస్కోపులతో చేసిన గోగ్రీన్ సర్వే 1 నుంచి 1.5 మధ్య క్లస్టర్లను చూసింది. అక్కడ ఆరిపోయిన భారీ గెలాక్సీలు, క్లస్టర్ బయట ఆరిపోయిన వాటికంటే పెద్దగా పాతవి కావు, సగటు తేడా 100 కోట్ల ఏళ్ల లోపే. క్లస్టర్ గాలే వాటిని ఆర్పి ఉంటే, బయటివి ఎలా ఆరాయి? చాలావాటి పని క్లస్టర్ పూర్తిగా కుదురుకోకముందే, వాటి సొంత బరువుకు సంబంధించిన కారణాలతో ముగిసిందని నేను అనుకుంటున్నాను. గ్యాస్ ఊడగొట్టే పని తర్వాత వచ్చిపడిన తేలికపాటి గెలాక్సీల మీదే ఎక్కువగా సాగింది.