కట్టు కట్టాక మొదలయ్యే పని

అందరికీ నమస్కారమండి. రెస్క్యూ అనగానే మనకి ఒకటే సీన్ గుర్తొస్తుంది, దెబ్బ తగిలి పడున్న కుక్కని ఎవరో దుప్పట్లో చుట్టి కార్లో వేసుకెళ్ళిపోతారు, వీడియోలో ఆ తర్వాతి షాటే మెడలో కొత్త బెల్టుతో గంతులేస్తుంటుంది. ఆ రెండు షాట్ల మధ్య చూపించని నెలల గురించే నేనివాళ మాట్లాడతాను, అసలు పనంతా అక్కడే ఉంది కాబట్టి.

మొదటి పది నిమిషాల గురించి మాత్రం ముందు చెప్పేస్తా. దెబ్బ తగిలిన జంతువు ఎంత మంచిదైనా నొప్పికి కరుస్తుంది, మీరు పెంచుకున్నదైనా సరే. మెత్తటి గుడ్డతో మూతి కట్టండి, కానీ వాంతి చేసుకుంటున్నా ఊపిరి అందక అవస్థ పడుతున్నా అస్సలు కట్టొద్దు. నడుం దెబ్బతిందేమో అనిపిస్తే చేతులతో ఎత్తకుండా చెక్క పలక లాంటిది ఏదైనా మెల్లగా కిందకి జరిపి దాంతోనే మోయాలి. చిగురు మీద వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపే మళ్ళీ రంగు రావాలి, రాకపోయినా, చిగుళ్ళు ముందే తెల్లగా పాలిపోయి ఉన్నా ఇంక ఆగొద్దు, లోపల రక్తం పోతుండొచ్చు. ఇంకో విషయం, ఇంట్లో మన మందుల డబ్బా జోలికి పోకండి ప్లీజ్. ఒక్క పారాసెటమాల్ మాత్రతో పిల్లి చచ్చిపోవచ్చు, దాని లివర్ ఆ మందుని అరిగించుకోలేదు. నొప్పి తగ్గుతుందని ప్రేమతోనే వేస్తారు, అది తలుచుకుంటేనే నాకు ఎక్కువ బాధ.

సరే, ఆపరేషన్ అయిపోయింది. ఇప్పుడేంటి? పెద్ద కుక్కకి విరిగిన ఎముక అతుక్కోవాలంటే సుమారు రెండు మూడు నెలలు పడుతుంది, అన్నాళ్ళూ దూకకూడదు, పరిగెత్తకూడదు, కుట్లు నాకకూడదు, నాకకుండా మెడ చుట్టూ పెట్టే గరాటు లాంటి కోన్ పెట్టుకుని అది మనవైపు చూసే చూపు తట్టుకోవాలి. షెల్టర్‌లో, అంటే ఇలాంటి జంతువులన్నిటినీ కలిపి ఉంచే చోట, చుట్టూ మొరుగుడు, ఒకదాని జబ్బు ఇంకోదానికి అంటుకునే భయం, అందుకే ఫోస్టర్ ఇల్లు అంత ముఖ్యం. ఫోస్టర్ అంటే పెంచుకోవడం కాదు, కోలుకునేదాకా ఒక గది, టైంకి మందు, ఒక మనిషి, అంతే.

నా దగ్గరికి వచ్చిన ఒక ఆడకుక్కకి వెనక కాలు తీసెయ్యాల్సి వచ్చింది. నేనే ఒప్పుకోలేదు, డాక్టరు గారితో వాదించాను, మూడు కాళ్ళతో దాని బతుకేంటి అని. ఆయన ఓపిగ్గా చెప్పారు, కుక్క బరువులో అరవై శాతం దాకా ముందుకాళ్ళే మోస్తాయి, వెనక కాలు ఒకటి పోయినా సర్దుకుంటుంది అని. ఆపరేషన్ అయిన తెల్లారి నేను దాని పక్కన కూర్చుని ఏడుస్తుంటే అది లేచి, తూలుకుంటూ నన్ను దాటుకుని వెళ్ళి నీళ్ళు తాగింది.

కాలు సంగతి అలా తేలిపోయింది గానీ భయం పోవడానికి చాలా టైం పట్టింది. చీపురు తీస్తే మంచం కింద దూరేది. మొదట తీసుకున్న వాళ్ళు తొమ్మిదో రోజున తిరిగి తెచ్చిచ్చేశారు, అప్పుడు నాకు బాగా కోపమొచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే వాళ్ళు దాన్ని ఎక్కడో వదిలెయ్యకుండా నా దగ్గరికే తెచ్చారు కదా, తప్పు నాదే, చిన్నపిల్లలు పరుగులు పెట్టే ఇల్లని తెలిసీ ఫోటో చూసి ముచ్చటపడ్డారని ఇచ్చేశాను. అందుకే ఇప్పుడు దత్తత ఇచ్చేముందు బోలెడు ప్రశ్నలు అడుగుతాం, మెట్లున్నాయా, పగలు ఇంట్లో ఎవరుంటారు, ఇంకో జంతువు ఉందా. కొంతమంది నొచ్చుకుంటారు, నొచ్చుకున్నా అడగాల్సిందే. ఇచ్చేముందు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, టీకాలు, తప్పిపోతే ఎవరిదో తెలిసేలా చర్మం కింద పెట్టే బియ్యపు గింజంత మైక్రోచిప్, అందులో 15 అంకెల నంబరు, దానికి మీ ఫోన్ నంబరు రిజిస్టర్ చేయించకపోతే మాత్రం ఆ చిప్ ఉండీ లేనట్టే.

ఆ ఆడకుక్క ఇప్పుడు మెట్లు లేని ఇంట్లో, పెద్దగా మాట్లాడని ఒక అక్కాతమ్ముళ్ళ దగ్గర ఉంది. ఇప్పటికీ గోడకి వీపు ఆనించే పడుకుంటుందట.

ప్రస్తుతం మా ఇంట్లో ఒక పిల్లి ఉంది, పైనుంచి పడి దవడ విరిగింది. పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే చాలు లివర్ పాడవడం మొదలవుతుంది, అందుకని మెడ దగ్గర పెట్టిన ట్యూబ్‌లోంచి కొంచెం కొంచెంగా, మెల్లగా తిండి ఎక్కిస్తున్నాం. ఆరు గంటలకి దానికి మళ్ళీ ఫీడ్ ఇవ్వాలి, కాబట్టి అరగంట ఉంటాను, అడగాలనుకున్నవి ఇప్పుడే అడిగేయండి.