యూకేలో కంపెనీ డైరెక్టరా? కోడ్ రాగానే పని అయిపోలేదు

(తెర మీద: కంపెనీస్ హౌస్ రిజిస్టర్‌లో ఒక కంపెనీ పేజీ)

నమస్తే అండి. యూకేలో ఐటీ కాంట్రాక్టింగ్ చేసే మనవాళ్లలో చాలామందికి సొంత లిమిటెడ్ కంపెనీ ఉంటుంది. భార్యాభర్తలిద్దరూ డైరెక్టర్లు, షేర్లు చెరి సగం. లెక్కలన్నీ అకౌంటెంట్ చూసుకుంటారు. అయితే డైరెక్టర్ల గుర్తింపు ధ్రువీకరణ అనే ఈ పనిని మాత్రం మొత్తంగా ఆయన మీద వదిలేస్తే కుదరదు. ఎవరిది వాళ్లే చేసుకోవాలి.

ఇది ఎందుకు వచ్చిందో ముందు చెప్తాను. చాలా ఏళ్లపాటు 12 పౌండ్లు కట్టి, ఎవరి పేరైనా డైరెక్టర్‌గా రాసి కంపెనీ పెట్టగలిగే పరిస్థితి ఉండేది. ఆ పేరు నిజమా కాదా అని అడిగేవాళ్లు లేరు. అది ఎంత సులువో చూపించడానికి 2013లో ఒక వ్యాపారి, అప్పటి బిజినెస్ మంత్రి విన్స్ కేబుల్ పేరునే డైరెక్టర్‌గా వేసి కంపెనీ రిజిస్టర్ చేశారు. తప్పుడు వివరాలిచ్చారని 2018లో ఆ వ్యాపారికే జరిమానా పడింది. తమకు తెలియకుండానే తమ పేరు మీద, తమ ఇంటి అడ్రస్ మీద కంపెనీలు పుట్టిన మామూలు మనుషులు ఇంకెందరో. అందుకే 2023లో ఆర్థిక నేరాల చట్టం తెచ్చారు. ఆ చట్టం కిందే 2025 నవంబరు 18 నుంచి ఈ ధ్రువీకరణ తప్పనిసరి అయింది. నాకైతే ఇది ఎప్పుడో రావాల్సిన నిబంధన అనిపిస్తుంది.

(తెర మీద: డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్ట్ బొమ్మలు)

చేసే పద్ధతి తేలికే, ఖర్చు కూడా లేదు. యూకే ప్రభుత్వ సేవలకు వాడే గవ్ డాట్ యూకే వన్ లాగిన్‌లో అకౌంట్ తెరిచి, ఫోన్ యాప్‌లో ఫొటో ఉన్న గుర్తింపు పత్రాన్ని, మీ ముఖాన్ని స్కాన్ చేస్తే చాలు. ఇప్పుడుంటున్న ఇంటి అడ్రస్, ఆ ఇంట్లోకి ఏ సంవత్సరం వచ్చారో అడుగుతారు. ఇద్దరికీ ఒకే ఈమెయిల్ వాడే అలవాటుంటే ఇక్కడ పనికిరాదు, ఎవరి అకౌంట్ వాళ్లదే. మన పాత ఇండియన్ పాస్‌పోర్ట్‌లో చిప్ ఉండదు కాబట్టి యాప్ దాన్ని తీసుకోదు. యూకే ఫొటో డ్రైవింగ్ లైసెన్స్ ఉంటే దానితో చేసేయండి. ఏదీ కుదరకపోతే, కంపెనీలను నమోదు చేసే ప్రభుత్వ సంస్థ కంపెనీస్ హౌస్ దగ్గర నమోదైన ఏజెంట్లు, అంటే ఏసీఎస్‌పీలు, మీ పత్రాలు చూసి ధ్రువీకరిస్తారు. వాళ్లు ఫీజు తీసుకుంటారు.

అంతా సరిపోతే 11 అక్షరాల పర్సనల్ కోడ్ వస్తుంది. ఇది మనిషికి సంబంధించిన కోడ్. మీకు మూడు కంపెనీలున్నా కోడ్ ఒక్కటే. కంపెనీకి ఇచ్చే 6 అక్షరాల అథెంటికేషన్ కోడ్ వేరు, రెండూ కలిపేసుకోకండి. పర్సనల్ కోడ్‌ను వాట్సాప్ గ్రూపుల్లో అసలే పెట్టకండి.

ఇప్పుడు అసలు చిక్కు. కోడ్ వచ్చాక చాలామంది హమ్మయ్య అనుకుని ఆగిపోతున్నారు. ఆ కోడ్‌ను మీ పదవికి జత చేస్తేనే రిజిస్టర్‌లోకి ఎక్కుతుంది. అదీ ఒక్కో హోదాకు విడివిడిగా చేయాలి.

నవంబరు 18కి ముందు నుంచే డైరెక్టర్‌గా ఉన్నవాళ్లు, ఆ తర్వాత వచ్చే మొదటి కన్ఫర్మేషన్ స్టేట్‌మెంట్‌తో, అంటే కంపెనీ వివరాలు సరిగ్గానే ఉన్నాయని ఏటా ఇచ్చే ఫారంతో పాటు కోడ్ ఇవ్వాలి. కొత్తగా డైరెక్టర్ అయ్యేవాళ్లకు నియామకానికి ముందే ధ్రువీకరణ పూర్తవ్వాలి. 25 శాతానికి మించి షేర్లుంటే మీరు పీఎస్‌సీ కూడా, అంటే కంపెనీ మీద అదుపున్న వ్యక్తి. చెరి సగం షేర్లున్న దంపతులిద్దరూ పీఎస్‌సీలే. డైరెక్టర్‌గా కోడ్ ఇచ్చాం కదా అంటే సరిపోదు. పీఎస్‌సీగా వేరే ఆన్‌లైన్ ఫారంలో, కన్ఫర్మేషన్ స్టేట్‌మెంట్ తేదీ నుంచి 14 రోజుల్లోపు మళ్లీ ఇవ్వాలి.

మీ ఆవిడ డైరెక్టర్ కాదు, షేర్లు మాత్రమే ఉన్నాయనుకోండి. అప్పుడు గడువు ఆమె పుట్టిన నెలలో మొదటి 14 రోజులు. మార్చి అయితే 1 నుంచి 14 వరకు. మన ఇళ్లలో అసలు పుట్టినరోజు ఒకటి, సర్టిఫికెట్‌లో తేదీ ఒకటి ఉండటం మామూలే కదా. ఇక్కడ లెక్కలోకి వచ్చేది రిజిస్టర్‌లో ఉన్న నెల. పేరు కూడా అంతే. కంపెనీ పెట్టిన రోజు ఇంటిపేరు బదులు ఒక్క అక్షరం రాసి ఉంటే, ఇప్పుడు పత్రంలోని పేరుతో తేడా వస్తుంది. ముందే చూసి సరిచేయించండి. ఎవరి గడువు ఎప్పుడో రిజిస్టర్‌లో మీ కంపెనీ పేజీ తెరిస్తే కనిపిస్తుంది.

గడువు దాటాక కూడా ధ్రువీకరణ లేకుండా డైరెక్టర్‌గా కొనసాగడం నేరం. జరిమానా పడొచ్చు.

గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న నాన్నగారిని డైరెక్టర్‌గా పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ఆయనకూ ఇదే నిబంధన, దేశం బయట ఉన్నారని మినహాయింపు లేదు. ఆయన పాస్‌పోర్ట్ అట్ట మీద కింద బంగారు రంగు చిప్ గుర్తు ఉందేమో ఈ రోజే ఫోన్ చేసి అడగండి. ఉంటే యాప్‌తో చేయొచ్చు. లేకపోతే ఏసీఎస్‌పీని వెతకాలి, దానికి టైం పడుతుంది.